జేబులో పట్టే గడి

నేను ఎన్నడూ చూడని ఒక దొర మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, తెనాలివాణ్ణి, కరీంనగర్‌లో ధర్మపురి బస్సెక్కాను. పక్క సీటులో ఒక దర్జీ చిన్న కత్తితో ఎండిన బూరుగు బెరడును చెక్కుతున్నాడు. సరదాకి చేసే పనేనట. అరచేతిలో పట్టే మేడకు బురుజులు, కమాను అప్పటికే వచ్చేశాయి.

"ఎంత ముచ్చటగా ఉందండీ" అన్నాను.

అతని కత్తి ఆగింది. "ముచ్చటేంది సార్? గిది మా ఊరి దొర గడి. దీని ముంగట నడవాల్నంటే మా బాపు చెప్పులు ఇడిచి చేతుల పట్టుకునేటోడు."

నాకు ఒళ్లు మండింది. "మరి అలాంటిదాన్ని చెక్కడమెందుకు?"

"జేబుల ఏసుకొని తిరుగుదామని."

ముందు సీటులో ఉన్న అతని తండ్రి, చూస్తానని వెనక్కి తిరిగాడు. బెరడు గడిని అందుకోబోయి ఆగి, వంగి, కాళ్ల చెప్పులు విడిచాడు.

దర్జీ ముఖం కందిపోయింది. "బాపూ, దొర పోయిండు. గిది నేను చెక్కిన బెరడు. చెప్పులు తొడుక్కో."

"తొడుక్కుంట తియ్యి బిడ్డా" అంటూ ముసలాయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

అది తిరిగి కొడుకు జేబులోకి వెళ్లేదాకా చెప్పుల జోలికి పోలేదు.