సరోజక్క ఇటుకల నగరం

కొత్త అట్టపెట్టె మూత తీయగానే జిగురు, సిరా కలిసిన వాసన ఒకటి వస్తుంది. మొన్న మా వీధి చివరి కాఫీ షాపులో ఎవరో కుర్రవాళ్ళు పిరమిడ్లు కట్టే బోర్డు ఆట ఒకటి విప్పుతుంటే ఆ వాసన నా బల్ల దాకా వచ్చింది. సరోజక్క గుర్తుకొచ్చారు. ఆమెతోపాటు నాకు ఇప్పటికీ తేలని సందేహం కూడా వచ్చి కూర్చుంది.

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి, అక్కడి మేట్టుపాళయంలో అట్టపెట్టెలు చేసే యూనిట్‌లో చేరేనాటికి ఆ ఊళ్ళో నాకంటూ ఎవరూ లేరు. ఆ యూనిట్ యజమాని ఎస్. సరోజిని. అందరికీ సరోజక్క. పెళ్ళి చేసుకోలేదు. బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే తమ్ముడు గోవిందన్నతో కలిసి ఉండేవారు. తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని చదవడం రాదు. తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకునేవారు. ఎవరెవరి ఆటలకో పెట్టెలు చేసి చేసి, తానే ఒక ఆట తయారు చేయాలన్న పట్టుదల ఆమెకు పుట్టింది. అది సింధు నాగరికత మీద. ఇటుకలు కాల్చాలి, మురుగు కాలవలు కట్టాలి, ముద్ర వేసిన సరుకు పడవల్లో పంపాలి, నది దారి మార్చుకుంటే ఊరు ఎత్తేసి ఇంకోచోట కట్టుకోవాలి.

ఒక శనివారం నన్ను పిలిచి, మర్నాడు ఇంటికొచ్చి ఆడమన్నారు. నాకు చదరంగమే సరిగ్గా రాదని చెప్పాను. అందుకే రమ్మంటున్నానన్నారు. వెళితే భోజనాల బల్ల నిండా అట్ట ముక్కలు. ఆమె రూలు చెబుతారు; అర్థం కానిచోట వెంటనే చెప్పడమే నా పని. గోవిందన్న ఆ పనికి ఏనాడో పనికిరాకుండా పోయారు. ప్రతి రూలుకూ తెలిసిందని తల ఊపి, మరుక్షణం తప్పు ఎత్తు వేసే మనిషి ఆయన. నేనైతే మొదటి గంటలోనే బిక్కమొహం వేశాను.

"ఇందులో రాజెవరండి అక్కా?"

"రాజు లేడు. తవ్వినోళ్ళకి రాజు యాడా దొరకలే."

"మరి నేను ఎవర్ని ఓడించాలండి?"

ఆమె పెన్సిలు కింద పెట్టారు. "అదే నాకూ తెలీలే మా," అని నవ్వి, భోజనానికి ఉండమన్నారు.

అలా ఆదివారాలన్నీ ఆ ఇంటివయ్యాయి. వత్తకుళంబు పులుసుతో అన్నం, అప్పడాలు, మధ్యలో ఇటుకలు, కాలవలు. తెలియదని చెబితే ఎవరైనా సంతోషించగా చూడడం నాకు అదే మొదలు. అయితే ఎంత తెలివితక్కువ మనిషికైనా ఆడగా ఆడగా ఆట వస్తుంది కదా. ఒకరోజు ఆమె రూలు సగం చెప్పేలోపే మిగతా సగం నేను చెప్పేసి, ఆట కూడా గెలిచాను. మహా గర్వపడ్డాను.

తర్వాతి ఆదివారం పిలుపు రాలేదు. ఆపై వారమూ లేదు. ప్యాకింగులో కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచారని తెలిసి నాకు ఏడుపొచ్చింది. పోయింది ఆట ఒక్కటే కాదు, ఈ ఊళ్ళో నేను కూర్చుని తినగల ఒకే ఒక ఇల్లు. ఉండబట్టలేక ఆమె గదికే వెళ్ళి అడిగాను.

"నీకు ఆట వచ్చేసింది గదా. వచ్చేసినోళ్ళు టెస్టుకు పనికిరారు మా," అన్నారు.

మెచ్చుకున్నారో వదిలించుకున్నారో బోధపడలేదు. సరేనండి అని వచ్చేశాను. ఆదివారాలు హాస్టల్లో పడుకుని, ఆమెకు కావలసింది నేనా, నా తెలియనితనమా అని ఆలోచించేదాన్ని.

కొన్ని వారాలకు ఫోను వచ్చింది. రూలు మార్చారట, రమ్మన్నారు. దాదాపు పరుగెత్తాను. కొత్త రూలు అయోమయంగా ఉంది. నీళ్ళు పల్లానికి కాకుండా ముద్రల రంగును బట్టి పారుతున్నాయి. అది నాకు పట్టుబడగానే ఆమె ఇంకోటి మార్చారు. ఆ తర్వాత ఇంకోటి. అచ్చుకు పోవలసిన ఆట ఏళ్ళ తరబడి బల్ల మీదే ఉండిపోయింది. ఒకసారి విసుగొచ్చి, మొదట ఎంతో బాగుండేదని, చేజేతులా పాడుచేస్తున్నారని అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

"పాడైతే పోనీ. నీకు తెలీలే గదా, అది చాలు," అంటూ అన్నం వడ్డించారు.

పోయినేడు సరోజక్క గుండెపోటుతో పోయారు. కర్మలు అయ్యాక కొట్టుకు వెళితే గోవిందన్న గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పారు.

"ఆట ఎప్పుడో అయిపోయె మా. నిన్ను పిలిచేదానికే అక్క రూలు మారుస్తా వచ్చె."

నమ్మాలనే ఉంది. కాని గోవిందన్నకు ఏదైనా అర్థమైనట్టే ఉంటుంది కదా, ఆ మాటను ఎంతవరకు పట్టుకోను? ఆట ఆమెకు నిజంగానే తృప్తినివ్వలేదేమో. ఒకవేళ ఆయన చెప్పిందే నిజమైతే నాకు ఇంకా కష్టంగా ఉంది. ఊరికే రా అంటే రానా? పిలవకపోతే నేనైనా ఊరికే ఎందుకు వెళ్ళలేదు? ఆమె మీద కోపమొస్తుంది, అంతలోనే ఆమె కావాలనిపిస్తుంది.

ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసులో రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఆదివారాలు ఏం చేస్తావని అడిగితే హాస్టల్లో నిద్రపోతానంది. మా ఇంట్లో మిక్సీ తిరగడం లేదని, ఈ ఆదివారం వచ్చి ఒకసారి చూడమని అన్నాను. వస్తానంది. మిక్సీ శుభ్రంగా తిరుగుతోంది. ఆలోపు దాన్ని ఎలా పాడుచేయాలో నాకు తెలియడం లేదు.