రమను మార్చబోయి

నేను జీవితంలో ఒకే ఒక్క నవల రాశాను. దాన్ని ఏ విమర్శకుడూ చంపలేదు. నేనే, ఒక్క మీట నొక్కి, నిండు సభకు తీసుకెళ్ళే ముందు నా చేత్తో చంపుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వు వస్తే ఆపుకోకండి, ఆ రోజు ఎవరూ ఆపుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన రోజులవి. బొమ్మనహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మడివాళలో మేడమీద ఒక అద్దె గది. బెంగళూరులోని తెలుగువాళ్ళం కొందరం ఇంటర్నెట్టులో ఒక గుంపుగా చేరి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. బ్యాంకులో రిటైరైన వేదవతి గారు మా గుంపుకు పెద్దదిక్కు. ఆవిడ ఒకసారి అందరికీ సవాలు విసిరారు.

"నెల రోజుల్లో తలా ఒక నవల రాయాలి. బాగుందా లేదా అని అడగను. నెలాఖరు ఆదివారం అందరం కలుద్దాం. ఎవరి నవల వాళ్ళు చదవకూడదు. మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం నేనే పైకి చదువుతాను. మధ్యలో ఆపమంటే పూర్తి కానట్టే."

అప్పటికి నేను తెలుగులో రాసిన అతి పెద్ద రచన ఇంటికి రాసిన ఉత్తరం. అయినా పేరిచ్చేశాను. ఇచ్చాక ఎక్కడలేని పట్టుదల పట్టుకుంది. ఇడ్లీ ఎడమచేత్తో తింటూ కుడిచేత్తో టైపు చేశాను. బస్సులో కండక్టరు టికెట్ అడిగితే "నన్ను వదిలి వెళ్ళకు రమా" అన్నాను. ఆయన చిల్లర కూడా అడక్కుండా ముందుకు వెళ్ళిపోయాడు. గుంపులో సగంమంది మధ్యలోనే చేతులెత్తేశారు. ఆఫీసులో పక్క సీటు శేఖర్ "నువ్వూ మానేయరాదూ, మొహం పీక్కుపోయింది" అన్నాడు.

"చస్తే మానను," అన్నాను.

రాసింది పైకి చదువుకోవడం నాకు అలవాటు. నా కథానాయిక రమ, మోటారు మెకానిక్ ప్రసాదుతో ఇల్లు విడిచి వెళ్ళిపోయే ఘట్టం చదువుకుంటున్నాను. గుమ్మంలో మా ఇంటి ఓనరు ఆంటీ ప్రత్యక్షమైంది. వాళ్ళది తరాలుగా బెంగళూరులో ఉంటున్న తెలుగు కుటుంబం. ఆవిడ పేరు రమాదేవి అన్న సంగతి, నమ్మండి, నాకు ఆ క్షణందాకా తట్టనేలేదు.

"ఏమప్పా మూర్తీ, నేను యాడికి పారిపోయినాను?"

"మీరు కాదాంటీ, నవల్లో రమ!"

"ఈ వీధిలో రమ అంటే నేనొక్కదాన్నే ఉండాను. నువ్వు కిటికీ తెరిచి అరస్తా ఉండావు. పేరు మార్చు, లేకుంటే ఇల్లు మార్చు."

మడివాళలో ఆ అద్దెకు ఇంకో గది దొరకదు. పేరే మార్చాలి. నెలాఖరు ఆదివారం పొద్దున ఆఖరి వాక్యం రాసి, "రమ ఉన్నచోటల్లా గిరిజ పెట్టు" అని కంప్యూటర్‌కు ఒక్క ఆజ్ఞ ఇచ్చాను. కన్నుమూసి తెరిచేలోగా పని అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి, నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, ఒక్క పేజీ కూడా చూడకుండా సభకు పరిగెత్తాను. తన పేరు పోయిందో లేదో చూడ్డానికి ఆంటీ కూడా వచ్చింది. వెంట అంకుల్. మాట్లాడితే అరిగిపోతాననుకునే మనిషి.

వేదవతి గారు కళ్ళజోడు సవరించుకుని గంభీరంగా మొదలుపెట్టారు. "అది ఒక మధు... మధుగిరిజైన సాయంకాలం."

"మధుగిరి మా అమ్మగారి ఊరప్పా!" ఆంటీ సంబరంగా అరిచింది.

"అంతలోనే భయంకగిరిజైన వాన. గిరిజ వంటింట్లో పగిరిజాన్నం వండుతోంది." వేదవతి గారు ఆగారు. "మూర్తీ, పగిరిజాన్నంలో ఏం వేస్తారు నాయనా?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ వెలుతురులోనే కళ్ళు చీకట్లు కమ్మాయి. కంప్యూటర్‌కు ఆడమనిషని, అక్షరాలని తేడా లేదు. మధురమైన, భయంకరమైన అన్న మాటల్లో ఒక్కో రమ ఉంది. పరమాన్నం నడుమ ఇంకో రమ ఉంది. ఏ రమనూ వదలకుండా అన్నిటినీ గిరిజలు చేసిపెట్టింది.

హాలంతా పొట్టలు పట్టుకుంది. అందరికంటే ముందు ఆంటీ. వేదవతి గారు జాలిగా అడిగారు. "ఆపేద్దామా?"

ఆపితే నెలంతా పడ్డ పాటు గంగపాలు. లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. "ఆపొద్దు. మీరు చదవండి, నేను అర్థం చెబుతాను."

ఆవిడ "విగిరిజణ" అంటే నేను "విరమణ" అన్నాను. ఆవిడ "మగిరిజ్మతు" అంటే "మరమ్మతు" అన్నాను. మెకానిక్ కథ కదా, అడుగడుగునా మరమ్మతులే. నా తెలుగును నేనే తెలుగులోకి అనువదించుకుంటూ చెమటలు కక్కాను. కథ మహా విషాదాంతం. చివరి వాక్యానికి ముందువరుసలో ఒకాయన నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి కిందికి జారాడు. అయినా పూర్తయింది. పూర్తయిందని వేదవతి గారు కళ్ళు తుడుచుకుంటూ ప్రకటించారు కూడా.

ఇంటికొచ్చి గిరిజలందరినీ తిరిగి రమలు చేశాను. పరమాన్నం పరమాన్నమైంది, వాన భయంకరమైంది. ప్రసాదుతో వెళ్ళిపోయింది మాత్రం మళ్ళీ రమే అయింది. గుట్టుగా ఊరుకోవడం ఇష్టంలేక కిందికి వెళ్ళి చెప్పాను.

"మళ్ళీ మీ పేరే వచ్చిందాంటీ. ఈసారి ఒక్కొక్కటే చూసి మారుస్తాను."

ఆవిడ బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "వద్దులే అప్పా, సుమ్నే, ఊరికే ఎందుకు శ్రమ? పెండ్లయినప్పట్నుంచి ఈ ఇల్లు దాటి యాడికీ పోయింది లేదు. నవల్లోనన్నా పోనీ."

నేను తేలికపడి మెట్లెక్కుతున్నాను. వెనకనుంచి, ఆ ఇంట్లో చేరాక మొట్టమొదటిసారి, అంకుల్ గొంతు వినబడింది.

"ఆ మెకానిక్కు యాడ ఉండాడప్పా?"

ఆ మెట్టు మీదే నిలబడి శపథం చేశాను, మీ అందరి సాక్షిగా మళ్ళీ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకో నవల రాయను. రాసినా అందులో ఆడవాళ్ళుండరు, మెకానిక్కులుండరు, పరమాన్నం అసలే ఉండదు. తప్పనిసరై ఎవరైనా ఇల్లు విడిచి పోవాల్సి వస్తే, ముందుగా ఓనరు గారి అనుమతి తీసుకుని నేనే పోతాను.