లచ్చమ్మకు తోడు

మెట్టుగూడలో మా పక్కింట్లో ఒంటరిగా ఉండే లచ్చమ్మకు ఒక్కటే అలవాటు, ఎప్పుడూ చచ్చిపోతూ ఉండటం. ఓ రోజు గుండె, ఓ రోజు మోకాలు, ఓ రోజు పేరు తెలియని నరమేదో పట్టేసేది. చావటం మాత్రం జరిగేది కాదు. ఆసుపత్రికి వెళ్ళాలంటే తోడు కావాలి. ఆ తోడుకు గట్టివాళ్ళు ఎందరున్నా, ఆవిడ కన్ను లేవలేని బాలింత మీదే పడేది.

ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటూ మాదాపూర్ వైపు పరుగెడుతున్న రోజులవి. మా ఆయన వాసు ఇంట్లో కనిపించడమే అరుదు. శ్రీకాకుళం నుంచి పురిటికి వచ్చిన మా అత్తగారు ముసలమ్మ కిటికీలన్నీ మూసేశారు. పురిటి స్నానాలు పూర్తయ్యేదాకా బాలింత గడప దాటకూడదని ఆవిడ పట్టు. నాకేమో జ్వరం, పొత్తికడుపులో నొప్పి. ఆ చీకటి గదిలో బాబును ఎత్తుకునే ఓపిక కూడా లేక ఏడ్చేదాన్ని.

“డాక్టరమ్మ మళ్ళీ చూపించుకోమందండీ,” అంటే, “పురుడు బాగానే అయిపోనాది గదా. ఇంకేటి సూత్తాది?” అనేవారు అత్తగారు.

ఓ రోజు లచ్చమ్మ వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది. వెంటనే గుండె పట్టుకుని గుమ్మంలో కూలబడింది.

“పానం పోతాంది ముసలమ్మా. దవఖానకు పోవాలె. నీ కోడలు దేవికను జెర తోడు పంపు.”

“అది బాలింత. గాలి తగుల్తాది. నానొత్తాను పద.”

“ఇద్దరం ముసలోళ్ళం. నువ్వు పడితే నేను లేపాలెనా? చదువుకున్న పిల్ల కావాలె.”

“ఇంకెవల్నైనా పిలు.”

“పిలుస్తా. గంతల నీ గడపలనే పోతే, నువ్వే జవాబు చెప్పుకో.”

పసిబిడ్డ ఉన్న ఇంటి గుమ్మంలో చావా? అత్తగారు హడలిపోయారు. నా చెవుల్లో దూది పెట్టి, తలకు మఫ్లర్ చుట్టి, బాబుతో సహా ఆటో ఎక్కించారు. వీధి మలుపు తిరగగానే లచ్చమ్మ గుండె మీది చెయ్యి తీసి, ఆ చేత్తోనే డ్రైవర్‌ను అదిలించడం మొదలుపెట్టింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడ నాడి కూడా చూడలేదు. “ఈసారి ఎవర్ని తెచ్చినవ్ లచ్చమ్మా?” అంటూ నన్ను బల్ల మీద పడుకోబెట్టింది. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ముదురుతోందని, ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదని చెప్పింది. సూది వేసి, మందులిచ్చి, ఎల్లుండి తప్పకుండా రమ్మంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. “నీ గుండెకేం లేదు కదా?”

“దానికేమైతది. గట్టిగుంది.” బాబు మీది గుడ్డ సర్దింది. “నా బిడ్డ హిమజకు సుత గిట్లనే జరమొచ్చింది. బాలింత బయటికి పోవద్దని నేనే ఆపిన. గడపకు అడ్డం కూసున్న.”

ఆవిడ ఇంట్లో ఎవరూ ఎందుకు లేరో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏడ్వకు. నీ అత్తకు అనుమానమొస్తది. చచ్చేది నేను, నువ్వు కాదు,” అంది బాబును ఒళ్ళోకి తీసుకుంటూ.

అత్తగారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. నా చేతిలోని మందుల సంచీ చూశారు. లచ్చమ్మ ఖాళీ చేతులూ చూశారు.

“ఏటన్నారు?”

“ఎల్లుండి మల్లా రమ్మన్నరు. తోడు సుత ఉండాలన్నరు,” అంది లచ్చమ్మ, గబగబా గుండె పట్టుకుని.

అత్తగారు నా చేతిలోని సంచీ అందుకుని లోపలికి నడిచారు. చెప్పిన రోజు పొద్దున నా చెవుల్లో తనే దూది పెట్టి, వెళ్ళి పక్కింటి తలుపు కొట్టారు.

“లెగు లచ్చమ్మా, నీకు గుండె నొప్పొచ్చే యేళయింది. ఆటో వచ్చీసింది.”