మళ్ళీ రమ్మనే సంపూర్ణమ్మ

భీమవరంలో ఆ పాత మండువా లోగిలి ఇప్పుడు ఆరోగ్య కేంద్రం. పడకగదిలో డాక్టరు కూర్చుంటుంది, ఊరగాయల గదిలో ఇంజెక్షన్లు వేస్తారు. జాడీలు పోయి ఏళ్ళయినా ఆవపిండి ఘాటు గోడల్ని వదల్లేదు గనక, సూది పడకముందే పిల్లలకి కళ్ళనీళ్ళు వచ్చేస్తాయి.

అటెండరు సంపూర్ణమ్మది ఇంకో చిత్రం. ఇది ఇల్లుగా ఉన్న రోజుల్లో ఆవిడ ఇక్కడే వంట చేసేది. వచ్చినవాళ్ళని గడప దాకా సాగనంపి "మళ్ళీ రండి" అనడం ఆవిడకి పాత అలవాటు. ఇల్లు ఆస్పత్రయింది గానీ ఆవిడ నోరు కాలేదు. జ్వరం తగ్గినవాణ్ణీ, కట్టు విప్పించుకున్నవాణ్ణీ కూడా "మళ్ళీ రండి బాబూ" అనే పంపేది. కొందరు నవ్వేవారు. కొందరు "అదేం మాటమ్మా!" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తేవారు.

రొయ్యల చెరువుల విశ్వనాథరాజుగారు మాత్రం నవ్వలేదు. ఏసీ ఆస్పత్రులుండగా తల్లి బంగారమ్మగారు షుగరు పరీక్షకి ఇక్కడికే వస్తానంటారని ఆయనకి ముందే చిరాకు.

"ఆస్పత్రిలో మళ్ళీ రమ్మంటుందేంటండీ? ముందు ఆవిణ్ణి తీసెయ్యండి!" అని డాక్టరు కీర్తిప్రియ మీద మండిపడ్డారు.

కీర్తిప్రియ చిన్నపిల్ల, మెత్తని మనిషి. "సంపూర్ణమ్మగారూ, ఇంకోసారి ఆ మాట వినబడిందంటే మీ ఉద్యోగం నేను కాపాడలేనండి," అంది.

జీతం సంగతి అటుంచి, ఈ గడప వదిలి సంపూర్ణమ్మ ఎక్కడికి పోతుంది? అప్పట్నుంచి ఎవరు "వెళ్ళొస్తానమ్మా" అన్నా పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పాపం, గొంతు దాకా వచ్చిన మాట ఎక్కిళ్ళయి బయటపడేది.

మరుసటి నెల బంగారమ్మగారు వచ్చారు. మందులు తీసుకుని, గడప దగ్గర "వెళ్ళొస్తానే" అన్నారు. సంపూర్ణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ కదల్లేదు. బయట కొడుకు కారు హారన్ కొడుతూనే ఉన్నారు.

"ఏమే, నీక్కూడా బరువయ్యానా?" అన్నారావిడ. "మాత్రలే కావాలంటే మావాడు ఇంటికే తెప్పిస్తాడు. ఈ వయసులో ఎవరింటికెళ్ళినా 'జాగ్రత్తగా వెళ్ళండి' అనేవాళ్ళే. మళ్ళీ రమ్మనేదానివి నువ్వొక్కదానివేగా!"

సంపూర్ణమ్మకి ఏడుపొచ్చింది. భయంభయంగా డాక్టరు వైపు చూసింది. కీర్తిప్రియ, ఎదురుగా పేషెంటెవరూ లేకపోయినా, స్టెతస్కోపు చెవులకి తగిలించేసుకుంది.

"మళ్ళీ రండి అమ్మగారూ!" అంది సంపూర్ణమ్మ, కారులోకి వినబడేలా. "ఈసారి పెందలాడే రండి, కాసేపు కూర్చుందురుగాని."