అభ్యంతరాలున్నాయా?

ఇది ఒక మహాయుద్ధ గాథ. నిజానికి యుద్ధమేమీ లేదు, రాయదుర్గంలో ఒక ఏసీ గది, అందులో ఒక వీడియో మీటింగ్. కరెంటు కారూ ఛార్జరూ ఒకదాన్నొకటి ఎలా గుర్తుపట్టాలో నేను రాసిన ప్రతిపాదన ఆ రోజు ఇలాంటి ప్రమాణాలు ఖరారు చేసే కంపెనీల కూటమి ముందుకొచ్చింది. అక్కడ ఓట్లుండవు. "అభ్యంతరాలున్నాయా?" అని అధ్యక్షురాలు అడిగి కాసేపు ఆగుతారు. ఎవరూ నోరెత్తకపోతే ఆమోదించినట్టే. ఒక్కరు కాదన్నా కథ మొదటికే. మొదటికొస్తే మా ప్రాజెక్టు మూసేస్తారు, దాంతోపాటు నా ఉద్యోగమూ పోతుంది.

ఆమె అడిగారు. అంతలో పోటీ కంపెనీ పెద్దాయన మైకు ఆన్ అయింది.

"అయిపోయిందన్నా నా పని," అన్నాను పక్కనున్న మా టీమ్ లీడ్‌తో.

"జర నోరు మూస్కో. మన మైకు గిట్ల ఆన్ ఉంటే నీ ప్రతిపాదనకు నువ్వే అడ్డం పడ్డట్టైతది."

ఊపిరి కూడా బిగబట్టాను. పెద్దాయన దగ్గారు. మైకు ఆఫ్ అయింది.

"ఆమోదించాం," అన్నారామె.

నేను ఎగిరి లేచాను.

"కూసోరా," అన్నాడు లీడ్. పేటెంట్ల గొడవలేమైనా ఉన్నాయేమో సభ్య కంపెనీల లాయర్లందరూ చూశాకే అది అమల్లోకి వస్తుంది. లాయర్లకు ఫైలు ఇంకా పంపలేదు.