తుమ్ముకు ముందు ఆగిపోయే వీడియో

మా ఆవిడ సుజాత చనిపోయిన కొన్నాళ్లకు జరిగిందిది. నేను సత్తెనపల్లిలో టీచర్ని. మిరప కల్లంలో ఆమెను నేను తీసిన వీడియో ఒక్కటే నా కంప్యూటర్‌లో మిగిలింది. అది పెడితే చాలు, ఘాటుకు తుమ్మొచ్చి ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేసరికి తెర నీలంగా మారి సిస్టమ్ ఆగిపోయేది.

మెకానిక్‌ని పిలిచాను.

"నా కళ్లముందు క్రాష్ అవ్వాలి మాస్టారూ, అప్పుడే లోపం ఎక్కడుందో దొరుకుతుంది. అదే వీడియో పెట్టండి," అన్నాడు.

పెట్టాను. కొంగు పైకి లేచింది, ఆగిపోయింది.

"మళ్లీ పెట్టండి."

మళ్లీ అక్కడే ఆగింది. ఇంకోసారి అనేసరికి, "ఎన్నిసార్లయ్యా!" అని అరిచేశాను. పాపం, బిత్తరపోయాడు.

లోపల ఏదో కార్డు మార్చి, ఈసారి తనే పెట్టాడు. సుజాత గట్టిగా తుమ్మింది. పకపకా నవ్వి, "చాల్లెండి, ఇక ఇంటికి పోదాం పదండి," అంది.

"అమ్మగారు ఊరెళ్లారా మాస్టారూ?" అన్నాడతను నవ్వుతూ. ఎంతయిందో అడిగి, డబ్బులిచ్చి పంపేశాను.

ఇప్పుడా వీడియో ఎక్కడా ఆగదు. కొంగు పైకి లేవగానే నేనే ఆపేస్తున్నాను. అక్కడ ఆపితే, ఆమె నాతో చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉన్నట్టుంటుంది.