ఫుట్‌బాల్ సభలో నేను రాసుకున్న ఉపన్యాసం

సైన్యం హైదరాబాదులో దిగి పోలీసు చర్య జరిపిన మూడో ఏట, వానలు వెనకబట్టిన రోజుల్లో, నన్ను గుంటూరు జిల్లా నుంచి సికిందరాబాదుకు డెప్యుటేషన్ మీద పంపారు. నా ఉద్యోగం పోలీసు శాఖలో తెలుగు షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు. హోదా సబ్ ఇన్‌స్పెక్టరుది. యూనిఫారం లేదు, లాఠీ లేదు. బహిరంగ సభ జరిగితే వేదిక పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చుని, వక్త నోట వచ్చిన ప్రతి మాటనూ గీతల్లో పట్టుకోవడం నా పని. సభ ముగియగానే నోటుబుక్కు చివరి పుట మీద ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాలి. మర్నాటి సాయంత్రంలోగా ఆ గీతలను మామూలు తెలుగులోకి విప్పి రాసి డిప్యూటీ సూపరింటెండెంటుకు అందజేయాలి. మాట చేర్చకూడదు, తీయకూడదు, దిద్దకూడదు.

హైదరాబాదు రాజ్యంలో అప్పట్లో నలుగురు ఒకచోట చేరితే అధికారులకు గుబులుగా ఉండేది. అక్కడి పోలీసుల్లో ఉర్దూ బాగా వచ్చినవారున్నారు గాని తెలుగు షార్ట్‌హ్యాండ్ తెలిసినవారు లేరు. అందుకే మమ్మల్ని తెచ్చుకున్నారు.

మెట్టుగూడలో ఒక గది తీసుకున్నాను. సర్కారు ఇల్లు దొరికేదాకా భార్యను బాపట్లలోనే ఉంచాను. ఆఫీసులో నేను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. "ఆయన ముందు తుమ్మకండయ్యా, రాసేసుకుంటాడు" అని ఒక గుమాస్తా అంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆదివారం ప్రార్థనకు వెళ్తే మొదటి రెండు వారాలు పలకరింపులు బాగానే ఉండేవి. నా ఉద్యోగమేమిటో తెలిశాక బెంచీ మీద నా పక్కవాళ్ళు ఎండ గురించీ వాన గురించీ తప్ప మరొకటి మాట్లాడలేదు. వారాల తరబడి నా గొంతు నేను వినడం పాట పాడేటప్పుడే.

మిషన్ బడిలో ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి కనక సాయంత్రాలు రైల్వే మైదానానికి పోయేవాణ్ణి. అక్కడ గట్టు మీద పరిచయమైన మనిషి ఖాజా మియా. జనగామ వైపు నుంచి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో తోలు పని చేసేవాడు. ఇదివరకు గుర్రపు జీన్లు కుట్టేవాడట. ఇప్పుడు ఫుట్‌బాళ్ళూ ఆటగాళ్ళ బూట్లూ కుడుతున్నాడు. నన్నేం పని చేస్తారని అడిగితే, ఆఫీసులో రాత పని అని చెప్పాను. అబద్ధం కాదు. అంతకు మించి చెప్పి ఈ ఒక్క చోటు కూడా పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

ఏడు నెలలు పక్కపక్కన కూర్చున్నాం. ఆయన సెనగలు తెచ్చేవాడు, నేను బీడీలు తెచ్చేవాణ్ణి. మైదానంలో బంతి ఎటు పోతుందో తన్నకముందే చెప్పేవాడు. పోలీసు చర్య రోజుల్లో తమ్ముడు కనిపించకుండా పోయిన సంగతి ఒకసారి చెప్పి, మళ్ళీ ఆట వైపు తిరిగాడు.

ఆ ఏడు దేశం జట్టు విదేశానికి ఆడబోయింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఎడమ అంచున, లెఫ్ట్ అవుట్ స్థానంలో ఆడే సామ్సన్ అనే ఆటగాడు ఎంపికయ్యాడు. అతనికి బూట్లు కుట్టినవాడు ఖాజా మియాయే. పాదం కొలత మూడుసార్లు తీశాడు. తీరా అక్కడ మైదానం చల్లగా, బురదగా ఉంటే, కోచ్ అందరినీ అలవాటు ప్రకారం వట్టి కాళ్ళతోనే దింపాడు. బూట్లు తెచ్చుకున్న సామ్సన్‌ను మాత్రం బయటే కూర్చోబెట్టాడు. జట్టు చిత్తుగా ఓడింది. ఎన్ని గోల్సో చెప్పడానికి రేడియోలో వార్తలు చదివే మనిషి కూడా మొహమాటపడ్డట్టు అనిపించింది. ఇరానీ హోటల్లో వింటున్నవాళ్ళెవరూ చాయ్ ముట్టలేదు. ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలు మాత్రం కోచ్‌ను వెనకేసుకొస్తూ పత్రికలకు ప్రకటన ఇచ్చారు. తప్పంతా ఆటగాళ్ళదేనన్నారు.

దాంతో ఊరు భగ్గుమంది. అభిమానులు రాంగోపాల్‌పేట్‌లో నిరసన సభ పెట్టారు. ఆ సభకు నాకు డ్యూటీ పడింది.

ఇలాంటి సభలకు నాతోపాటు ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చేవాడు. అతను జనం వెనక నిలబడి సారాంశం రాసుకుంటాడు. ఆ సారాంశం అదే సాయంత్రం పైకి వెళ్తుంది. నా పూర్తి పాఠం మర్నాటికి గాని వెళ్ళదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

సాయంత్రం ఐదింటికి వేదిక పక్కన నా బల్ల వేశారు. పెన్సిళ్ళు నాలుగు చెక్కి పెట్టుకుని తల ఎత్తేసరికి మూడో వరుసలో ఖాజా మియా కనిపించాడు. నన్ను చూశాడు. బల్లను చూశాడు, నోటుబుక్కును చూశాడు. పక్కవాడు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. నేను తల దించుకుని, అవసరం లేకపోయినా మరో పెన్సిల్ చెక్కాను.

ఇద్దరు ముగ్గురు మాట్లాడాక సామ్సన్‌కు బూట్లు కుట్టిన మనిషి మాట్లాడాలని జనం కేకలు వేశారు. ఖాజా మియా వేదిక ఎక్కాడు. ముందు నా వైపే తిరిగాడు.

"రాసుకోండి సాబ్, సక్కగ రాసుకోండి," అన్నాడు. అదీ రాశాను.

తరువాత జనం వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"నేను చదువుకున్నోణ్ణి కాదు. తోలు సంగతి ఎరుక, కాలు సంగతి ఎరుక. ఆ బురదల వట్టి కాళ్ళు నిలుస్తయా? బూట్లు సందుకల పెట్టి తాళమేసిండ్రు. గా కోచ్‌ను ఎవడన్న అడిగిండా? ఫుట్‌బాల్ సమాఖ్యల పైన కూసున్నోళ్ళు ఒక్కనాడన్న బంతి తన్నిండ్రా? గాళ్ళు గద్దె దిగాలె. దిగకుంటే గుంజి దించాలె!"

జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఆగి, గొంతు తగ్గించి మరో మాట అన్నాడు.

"ఫౌజు వచ్చినంక అన్నిటికీ నోరు మూసుకొనే బతుకుతున్నం. ఆట గురించి సుత నోరు మూసుకోవాల్నా?"

నా పెన్సిల్ ఆగింది. విచారణ లేకుండా నెలల తరబడి నిర్బంధించే చట్టం అప్పుడు అమలులో ఉంది. తమ్ముడు ఏమయ్యాడో తెలియని ఒక ముస్లిం బహిరంగ సభలో సైన్యం పేరెత్తితే దానికి ఏ అర్థమైనా చెప్పవచ్చు. మైకు లేదు. చివరి మాట వెనకవాళ్ళకు వినపడి ఉండకపోవచ్చు. వదిలేస్తే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం అలా ఉండి, రాశాను. ధైర్యం వల్లనో నిజాయితీ వల్లనో అని చెప్పలేను. పదమూడేళ్ళ అలవాటు వల్ల చెయ్యి కదిలింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికే ఖాజా మియాను స్టేషనుకు తీసుకుపోయారు. హెడ్ కానిస్టేబుల్ సారాంశంలో ఇలా ఉంది: ప్రభుత్వంలో పైన ఉన్నవారిని గద్దె నుంచి గుంజి దించాలని వక్త ప్రజలను రెచ్చగొట్టాడు. అతను కావాలని రాయలేదు. వెనక నిలబడి, సగం విని, తెలిసిన మాటలతో మిగతా సగం పూరించాడు.

ఆ కబురు తెలిశాక నేను అన్నం ముట్టకుండా కూర్చుని పాఠం విప్పి రాసి, మధ్యాహ్నానికే డిప్యూటీ సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన ఉంచుకుని చదివారు.

"సమాఖ్యలో పైన కూర్చున్నవాళ్ళు అన్నాడా? నిశ్చయమేనా?"

"గీతలున్నాయండీ. సాక్షుల సంతకాలూ ఉన్నాయి."

"ఇతను మీకు తెలిసినవాడని విన్నాను."

"నిజమేనండీ. ఏడు నెలలుగా."

ఆయన ఫౌజు మాట ఉన్న పంక్తి దగ్గర వేలు పెట్టారు. "స్నేహితుణ్ణి తప్పించాలనుకుంటే దీన్ని రాసేవారు కాదు. ఇది ఉంది కాబట్టి పైదీ నమ్ముతున్నాను," అన్నారు. ఆట మీద కోపం నేరం కాదని ఫైలు మీద రాసి, మర్నాటి ఉదయం ఖాజా మియాను విడిచిపెట్టించారు.

నాలుగు రోజుల తరువాత మైదానానికి వెళ్ళాను. ఖాజా మియా గట్టు మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అంతకుముందెప్పుడూ లేచింది లేదు.

"మీరు ఉన్నదున్నట్టు రాసిండ్రంట. ఠాణాల చెప్పిండ్రు. షుక్రియా."

"ఖాజా భాయ్, కూర్చోండి."

"కూసుంటే ఏం మాట్లాడాలె సాబ్? ఏడు నెలలు మీ పక్కన కూసొని ఏమేం మాట్లాడిన్నో రాత్రంత యాది చేసుకుంటున్న. తమ్ముని ముచ్చట సుత చెప్పిన. అయ్యన్ని ఏ కాయితంల ఉన్నయో అని పరేషాన్ అయితున్న."

"ఒక్క మాట కూడా రాయలేదు. ప్రమాణం చేస్తాను."

"నమ్ముత," అన్నాడు. "గని నోరు తెరుసుకుంట లేదు. ఏం చెయ్యాలె?"

సలాం చేసి మైదానానికి అవతలి వైపు వెళ్ళి కూర్చున్నాడు. తరువాతి వారాల్లోనూ అక్కడే కూర్చున్నాడు. నేను కొన్నాళ్ళు వెళ్ళి మానేశాను. కోచ్ ఆ పదవిలోనే కొనసాగాడు. సమాఖ్య పెద్దలూ దిగలేదు. సామ్సన్ రైల్వే వర్క్‌షాపు పనికి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేశాను. నా కింద శిక్షణకు వచ్చినవారికి ఈ ఉదంతం నుంచి రెండు సంగతులు చెప్పేవాణ్ణి. వక్తకు మేలు చేసే మాటను నమ్మించాలంటే కీడు చేసే మాటను కూడా రాసి ఉండాలి. ఇక రెండోది: కొత్త ఊరికి వెళ్ళిన రోజే మీ ఉద్యోగమేమిటో అందరికీ చెప్పేయండి. నేను ఆ తరువాత పనిచేసిన ఆరు ఊళ్ళలోనూ అలాగే చెప్పాను. రెండు ఊళ్ళలో స్నేహితులు దొరికారు. నాలుగు ఊళ్ళలో దొరకలేదు.